హెచ్చరికలు లేని అనువాదాన్ని విడుదల చేయకండి: ఇంటర్నెట్ ఆంక్షలను దాటే సాఫ్ట్‌వేర్‌ల నిర్మాతలకు, వాటికి నిధులిచ్చేవారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన నిర్వాహకులకు, నిధులు సమకూర్చే సంస్థల ప్రతినిధులకు,

నమస్కారం.

ప్రభుత్వాలూ టెలికం కంపెనీలూ బ్లాక్ చేసిన వెబ్‌సైట్లను, సందేశ సేవలను జనం తిరిగి చేరుకోవడానికి మీరు సాఫ్ట్‌వేర్‌లు తయారుచేస్తున్నారు. వాటి సహాయ సూచనలను ఇంగ్లీషు నుంచి రొమేనియన్‌లోకి అనువదించే స్వచ్ఛంద అనువాదకుల తరఫున ఈ లేఖ రాస్తున్నాను. ఉద్యోగరీత్యా రొమేనియాలోని క్లూజ్ నగరంలో ఉంటున్న తెలుగువాడిని నేను. అనువాదం చేసేది రొమేనియన్ మాతృభాషగా ఉన్న మిత్రులు. ఫైళ్లను సరిచూడటం, కొత్త వెర్షన్‌లో అనువాదం సరిగా కనబడుతోందో లేదో పరీక్షించడం నా వంతు. ఈ విషయాలన్నిటినీ ఇంతకుముందే ఇంగ్లీషులోనూ రొమేనియన్‌లోనూ మీకు రాశాం. ఒకరిద్దరు అందిందని జవాబిచ్చారు, మిగతావారి నుంచి ఆ మాటా రాలేదు. పని తీరులో మాత్రం ఎక్కడా మార్పు కనబడలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ ఉంచుతున్నాం. దీన్ని తెలుగులో కూడా ప్రకటించడానికి కారణం, మీరు ఆధారపడే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పనిచేసే తెలుగు ఇంజినీర్లు దీన్ని చదివి లోపలి నుంచి గట్టిగా అడుగుతారన్న నమ్మకం. రొమేనియన్‌కు జరుగుతున్నదే రేపు తెలుగు అనువాదానికీ జరుగుతుందన్నది రెండో కారణం.

మీ కృషిని మేం తక్కువ చేయడం లేదు. 2025 మార్చిలో అమెరికా ప్రభుత్వ నిర్ణయంతో ఈ రంగానికి వచ్చే నిధులు ఒక్కసారిగా ఆగిపోయే పరిస్థితి ఏర్పడిందనీ, వాటిని నిలబెట్టుకోవడానికి కోర్టుకు వెళ్లవలసి వచ్చిందనీ మాకు తెలుసు. అయితే మేం చూపుతున్న లోపాల్లో ఎక్కువ భాగం డబ్బు లేక వచ్చినవి కావు. అనువాదాన్ని విడుదల అయిపోయాక చూసుకోవలసిన పనిగా భావించడం వల్ల వచ్చినవి. మీ సాఫ్ట్‌వేర్‌లోని ఒక బటన్ పనిచేయకపోతే విడుదల ఆపుతారు. ఆ బటన్ నొక్కితే ఏ ప్రమాదం ఉందో చెప్పే వాక్యం వాడేవారి భాషలో లేకపోయినా విడుదల ఆగదు. మా ఫిర్యాదు అంతా దీని గురించే.

రొమేనియా 2007 నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఉంది, అక్కడ ఇంటర్నెట్ స్వేచ్ఛగానే ఉంది, మరి ఆ భాషలో ఈ సూచనలు ఎవరికి కావాలని మమ్మల్ని చాలామంది అడుగుతారు. రొమేనియన్ ఒక్క రొమేనియా భాష కాదు. పక్కనున్న మోల్డోవాకు అదే అధికార భాష. అక్కడి పార్లమెంటు 2023 మార్చిలో చట్టాలన్నిటిలోనూ 'మోల్డోవన్' అన్న పేరు తీసేసి 'రొమేనియన్' అని మార్చింది. ద్నీస్టర్ నదికి తూర్పునున్న ట్రాన్స్‌నిస్ట్రియా 1992 యుద్ధం నాటి నుంచి మోల్డోవా ప్రభుత్వం చేతిలో లేదు, అక్కడ రష్యా సైనికులు ఉన్నారు. ఉక్రెయిన్‌లోని చెర్నివ్‌ట్సీ ప్రాంతంలో రొమేనియన్ మాట్లాడే ఊళ్లున్నాయి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది వలస. మోల్డోవా నుంచి దశాబ్దాలుగా జనం భవన నిర్మాణ పనులకూ ఇళ్లలో పనులకూ రష్యా వెళుతున్నారు. రష్యా 2022 మార్చి 4న ఫేస్‌బుక్‌ను, అదే నెల 14న ఇన్‌స్టాగ్రామ్‌ను, 2024 ఆగస్టులో సిగ్నల్‌ను బ్లాక్ చేసింది. 2025 ఆగస్టులో వాట్సాప్, టెలిగ్రామ్‌లలో ఫోన్ కాల్స్‌ను పరిమితం చేసింది. మాస్కో శివార్లలో తాపీపని చేసే తండ్రి మోల్డోవా రాజధాని కిషినావ్‌లో ఉన్న పిల్లలతో మాట్లాడుకునే దారి ఇలా ఒక్కొక్కటిగా మూసుకుపోయింది. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల నుంచి దుబాయ్ వెళ్లినవారి ఇళ్లలో ఈ బాధను విడమరిచి చెప్పనక్కర్లేదు. వాట్సాప్‌లో సందేశం వెళుతుంది గానీ మాట కలవదన్నది వారికి అనుభవమే.

మోల్డోవా, రొమేనియాలలోనూ బ్లాకింగ్ లేదనడానికి వీల్లేదు. 2009 ఏప్రిల్ 7న ఎన్నికల ఫలితాలపై కిషినావ్‌లో యువత పార్లమెంటును ముట్టడించినప్పుడు నగరంలో ఇంటర్నెట్ నిలిచిపోయిందనీ, సోషల్ మీడియా సైట్లు తెరుచుకోలేదనీ అప్పట్లోనే వార్తలు వచ్చాయి. కొవిడ్ కాలంలో, 2020 మార్చి 16న రొమేనియా అధ్యక్షుడు జారీచేసిన 195వ నంబరు అత్యవసర ఉత్తర్వులోని 54వ అధికరణం తప్పుడు వార్తల పేరుతో వెబ్‌సైట్లను మూయించే అధికారం ఇచ్చింది. టెలికం నియంత్రణ సంస్థ ఆ ఆదేశాలను అమలు చేసింది, మే మధ్యలో అత్యవసర స్థితి ముగిసే వరకు అవి కొనసాగాయి. అదే వసంతంలో మోల్డోవా గూఢచార భద్రతా సంస్థ పదుల సంఖ్యలో సైట్లను బ్లాక్ చేయించింది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై రష్యా దాడి మొదలైన వెంటనే రష్యా అనుకూల సైట్లను కూడా ఆపించింది. ఆ చివరి నిర్ణయం న్యాయమా కాదా అన్నదానిపై మాలో మాకే ఏకాభిప్రాయం లేదు. యుద్ధం సరిహద్దు దాకా వచ్చిన చిన్న దేశం అబద్ధపు ప్రచారాన్ని ఆపుకోవడం తప్పు కాదనేవారూ ఉన్నారు, కోర్టు ప్రమేయం లేకుండా ఒక గూఢచార సంస్థ జాబితా రాయడం ప్రమాదమనేవారూ ఉన్నారు. ఈ లేఖ ఆ వాదాన్ని తేల్చడానికి కాదు. ఎవరు బ్లాక్ చేసినా దాన్ని దాటేందుకు దొరికే సూచన స్పష్టంగా, పూర్తిగా, వాడే మనిషికి హాని చేయకుండా ఉండాలన్నదే మా మాట.

రొమేనియన్ మాట్లాడే పెద్దతరానికి నిఘా అంటే ఏమిటో మేం నేర్పనక్కర్లేదు. 1983 మార్చి నాటి 98వ నంబరు ఉత్తర్వు ప్రకారం కమ్యూనిస్టు పాలకుడు చౌషెస్కూ కాలపు రొమేనియాలో టైపు మిషన్ ఉన్న ప్రతివారూ మిలీషియా (అప్పటి పోలీసు) దగ్గర దాన్ని నమోదు చేయించి, ఆ యంత్రంతో కొట్టిన అక్షరాల నమూనా ఇవ్వాలి. ఎవరు ఏ కాగితం టైపు చేశారో అక్షరాల అరుగుదల చూసి పట్టుకోవడానికే ఆ ఏర్పాటు. ఆ కాలం గడిపిన మనిషి ఈ రోజు ఫోన్‌లో ఒక యాప్ పెట్టుకునే ముందు మొదట అడిగేది "ఇది వాడుతున్నట్టు ఎవరికైనా తెలుస్తుందా?" అనే. జవాబు మీ సహాయ పేజీలో ఉంది. కానీ చాలాచోట్ల అది ఇంగ్లీషులోనే ఉంది.

ఇక మేం చూసిన లోపాలనూ, వాటివల్ల మామూలు జనానికి కలిగే నష్టాన్నీ వరుసగా చెబుతాను.

1. అన్నిటికంటే పెద్ద లోపం, హెచ్చరికలు అనువాదం కాకుండా మిగిలిపోవడం. మీ అనువాద వేదికల్లో పాఠమంతా చిన్న చిన్న ముక్కలుగా విడిపోయి వస్తుంది, ఎన్ని ముక్కలు పూర్తయ్యాయన్నదాన్ని బట్టి శాతం కనబడుతుంది. రెండు మూడు మాటల మెనూ పేరుకూ, పది వరుసల హెచ్చరిక పేరాకూ లెక్కలో విలువ ఒకటే. సాయంత్రం తీరిక దొరికిన స్వచ్ఛంద సేవకులు సహజంగానే చిన్న ముక్కలతో మొదలుపెడతారు. శాతం త్వరగా పెరుగుతుంది. మీరు పెట్టుకున్న గీత దాటగానే ఆ భాష విడుదలలో చేరుతుంది. మిగిలిపోయిన పొడవాటి పేరాలు ఇంగ్లీషులోనే కనబడతాయి. "ఇక్కడ నొక్కండి, ఇది ఎంచుకోండి, కలపండి" అన్న మెట్లన్నీ సొంత భాషలో చదువుకుంటూ వెళుతున్న మనిషి, మధ్యలో పరాయి భాషలో ఉన్న పెట్టెను దాటేసి తర్వాతి మెట్టుకు వెళ్లిపోతారు. అది వారి అజాగ్రత్త కాదు. అలా చదివేలా ఆ పేజీని మనమే తయారుచేశాం.

ఆ పెట్టెల్లో ఏముంటుందో మీకు తెలుసు. బ్రిడ్జి (బహిరంగ జాబితాలో లేని ప్రవేశ సర్వర్) లేకుండా, రాకపోకలను పలు సర్వర్ల గుండా తిప్పి దాచే టోర్ నెట్‌వర్క్‌కు కలిస్తే మీరు ఏ సైటు చూస్తున్నారో కనబడదు గానీ, టోర్ వాడుతున్న సంగతి ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి తెలుస్తుందని ఉంటుంది. టోర్ బ్రౌజర్ తన గుండా వెళ్లే రాకపోకలనే దాస్తుంది తప్ప ఫోన్‌లోని మిగతా యాప్‌లవి దాయదని ఉంటుంది. మీ రాకపోకలను తమ సర్వర్ గుండా పంపే వీపీఎన్ సేవను నడిపేవారు తలచుకుంటే మీరు ఏయే సైట్లకు వెళుతున్నారో చూడగలరని ఉంటుంది. వేరే చోట నుంచి దించుకున్న ఫైలు అసలుదో కాదో సరిచూసుకునే పద్ధతి ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటి తెలియకపోయినా నష్టపోయేది వాడేవారే.

చట్టాల సంగతి ఇంకా తీవ్రమైనది. రష్యాలో ఆంక్షలను దాటే పద్ధతుల గురించి ప్రచారం చేయడాన్ని 2024 మార్చి 1 నుంచి నిషేధించారు. తీవ్రవాద జాబితాలో చేర్చిన సమాచారాన్ని కావాలని వెతికితే 3,000 నుంచి 5,000 రూబుళ్ల జరిమానా 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది, వీపీఎన్ ద్వారా వెతికినా అది వర్తిస్తుంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ చట్టంలో, నేరం చేయడానికి గానీ దాన్ని కప్పిపుచ్చడానికి గానీ తప్పుడు ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో పరికరాన్ని గుర్తించే సంఖ్య) వాడితే జైలు, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హమ్‌ల జరిమానా, లేదా ఈ రెండిట్లో ఒకటి ఉంది. సూచనను 2021లో అనువదించి వదిలేస్తే అది 2025 నాటి చట్టం గురించి చెప్పదు. ఇంగ్లీషు పేజీలో చేర్చిన కొత్త హెచ్చరిక రొమేనియన్ పేజీకి చేరడానికి నెలలు పడుతోంది. ఈలోగా ఆ పేజీ చూసి యాప్ పెట్టుకున్న కూలీకి తాను ఏ చట్టం కిందికి వస్తున్నాడో తెలియదు. రష్యాలో ఉన్న విదేశీ కార్మికుడికి జరిమానా ఒక్కటే సమస్య కాదు, పని అనుమతి పోతుందన్న భయం కూడా ఉంటుంది.

2. ప్రోగ్రామ్ మారుతుంది, సూచన మారదు. టోర్ బ్రౌజర్ చరిత్రే చూడండి. 2019 అక్టోబరులో వచ్చిన 9.0 వెర్షన్‌తో అందులో రొమేనియన్ చేరింది, అది మాకు ఎంతో సంతోషం కలిగించిన విషయం. 2021 జూలైలో వచ్చిన 10.5 వెర్షన్‌లో, మొదటిసారి తెరిచినప్పుడు వచ్చే విడి సెటప్ విండోను తీసేసి ఆ పనిని బ్రౌజర్ లోపలికి తెచ్చారు. 2022 జూలై నాటి 11.5 వెర్షన్, వాడేవారు ఉన్న చోటును బట్టి తగిన బ్రిడ్జిని తానే వెతికే సదుపాయం తెచ్చింది. రెండూ మంచి మార్పులే. కానీ ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఇలాంటి మార్పు జరిగిన రోజున పాత సూచనలు తప్పుడు సూచనలు అవుతాయి. లేని విండోలో లేని బటన్‌ను నొక్కమని చెబుతాయి. మేం పనిచేసిన ఒక సాఫ్ట్‌వేర్‌లో, పేరు చెప్పడం ఇక్కడ అనవసరం, విడుదలకు ముందురోజు దాకా ఇంగ్లీషు వాక్యాలు మారుతూనే ఉన్నాయి. మారిన ప్రతి వాక్యానికీ అంతకుముందు చేసిన అనువాదం రద్దవుతుంది. అనువాదకులకు ఆ సంగతి విడుదలైన తర్వాత తెలిసింది. వాడేవారు మాత్రం ప్రోగ్రామ్ చెడిపోయిందనుకుని దాన్ని తీసేసి, వేరేదాన్ని వెతుక్కుంటారు.

3. సహాయం బ్లాక్ అయిన చోటే ఉండిపోతోంది. 2021 డిసెంబరులో రష్యా టోర్ నెట్‌వర్క్‌తో పాటు దాని అధికారిక వెబ్‌సైటునూ బ్లాక్ చేసింది. సూచనలు ఉన్న పేజీ అందులోనే ఉంది. ఈమెయిలు పంపితే, లేదా టెలిగ్రామ్‌లో బాట్‌కు (తానే జవాబిచ్చే ప్రోగ్రామ్‌కు) సందేశం పెడితే డౌన్‌లోడ్ లింకులు తిరిగి పంపే ఏర్పాటును టోర్ చేసుకుంది. అలాంటి ముందుచూపు అందరికీ లేదు. పైగా ఆ దారిలో ప్రోగ్రామ్ చేరినా, దానితో పాటు రొమేనియన్ సూచనలు చేరకపోతే అందుకున్న ఫైలు ఏం చేయాలో తెలియని ఫైలే. ఇంటర్నెట్ తెరుచుకోని మనిషికి ఇంటర్నెట్‌లో ఉన్న పేజీ చూడమని చెప్పడం సహాయం కాదు.

4. అనువాదకుల పేర్లు. దీన్ని ఎవరూ ఇప్పటివరకు పెద్దగా పట్టించుకోలేదు గనుక ప్రత్యేకంగా రాస్తున్నాను. చాలా ప్రాజెక్టుల్లో వాడే అనువాద ఫైలు పైభాగంలో చివరిగా అనువదించినవారి పేరూ ఈమెయిలూ రాసే వరుస ఒకటి ఉంటుంది. ఆ ఫైలు ప్రోగ్రామ్ సోర్స్ కోడ్‌తో పాటు అందరికీ కనబడే చోట శాశ్వతంగా ఉండిపోతుంది. సాధారణ సాఫ్ట్‌వేర్‌లో అది గౌరవం. ఆంక్షలను దాటే సూచనలను ప్రచారం చేయడమే నేరమైన దేశంలో తల్లిదండ్రులో భర్తో పనిచేస్తున్న అనువాదకురాలికి అది ముప్పు. ఈ కారణంతోనే మోల్డోవాకు చెందిన సమర్థులైన వారు మా పని నుంచి తప్పుకున్నారు. వారు వెళ్లిపోవడంతో సరిహద్దుకు ఆవలి వాడుకను, అక్కడి ఫోన్ల తీరును తెలిసి చెప్పేవారు మాకు తగ్గిపోయారు.

5. అక్షరాలు, భాషా సంకేతాలు. ఇవి చిన్న విషయాలనిపిస్తాయి గానీ మనిషికి సూచన దొరకడమా దొరకకపోవడమా అన్నది వీటిమీదే ఆధారపడుతుంది. రొమేనియన్‌లో ఎస్, టీ అక్షరాల కింద కామా లాంటి గుర్తుతో రెండు ప్రత్యేక అక్షరాలున్నాయి. వాటికి యూనికోడ్‌లో (కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణంలో) విడి స్థానాలు 1999లో 3.0 వెర్షన్‌తో వచ్చాయి. అంతకుముందు, ఆ తర్వాత కూడా చాలాకాలం, టర్కిష్ తదితర భాషల్లో వాడే కొక్కెం గుర్తు అక్షరాలతో సరిపెట్టుకున్నారు. కంటికి దాదాపు ఒకేలా ఉంటాయి, కంప్యూటరుకు మాత్రం వేరు. ఫోన్‌లో టైపు చేసేటప్పుడు చాలామంది ఏ గుర్తూ పెట్టరు. మీ సహాయ పేజీల్లో వెతికే పెట్టె ఈ మూడు రూపాలనూ ఒకటిగా చూడకపోతే, "నెట్‌వర్క్" అని వారి భాషలో వెతికిన మనిషికి "ఫలితాలు లేవు" అని వస్తుంది, తన భాషలో సహాయమే లేదనుకుని వెళ్లిపోతారు. అలాగే అనువాదాన్ని 'రొమేనియా దేశపు రొమేనియన్' అన్న సంకేతంతో మాత్రమే పెడితే, ఆండ్రాయిడ్ 7కు ముందున్న పాత ఫోన్లలో ప్రాంతాన్ని మోల్డోవాగా పెట్టుకున్నవారికి యాప్ మొత్తం ఇంగ్లీషులోకి పోతుంది. పాత ఫోన్లు వాడేది ఎవరో చెప్పనక్కర్లేదు. 2008లోనే రద్దయిన 'మోల్డోవన్' భాషా సంకేతం ఇంకా కొన్ని ఫైళ్లలో కనబడుతోంది. బహువచనానికి రొమేనియన్‌లో మూడు రూపాలు కావాలి, ఇరవై నుంచి చాలా సంఖ్యల్లో సంఖ్యకూ నామవాచకానికీ మధ్య ఇంకో మాట రావాలి. ఇంగ్లీషు లాగా రెండే రూపాలకు చోటు వదిలిన ప్రోగ్రామ్‌లో ఎంత మంచి అనువాదకుడైనా తప్పు వాక్యమే రాయగలడు, తప్పు భాషలో కనబడే యాప్‌ను జనం నకిలీదని అనుమానిస్తారు. ఆ అనుమానం న్యాయమైనదే.

6. మంచి సూచన లేని చోట చెడ్డది వచ్చి కూర్చుంటుంది. కమీషన్ కోసం రాసిన వీపీఎన్ పొగడ్తలు, ఎవరు నడుపుతున్నారో తెలియని ఉచిత యాప్‌ల ప్రకటనలు రొమేనియన్‌లో ధారాళంగా దొరుకుతాయి. వాటిని అనువదించడానికి డబ్బు ఖర్చు పెట్టేవారున్నారు.

మా ఫిర్యాదుకు మౌఖికంగా రెండు జవాబులు విన్నాం. మోల్డోవా వాళ్లకు రష్యన్ వచ్చు కదా, రష్యన్ పేజీలు చదువుకోవచ్చు అన్నది మొదటిది. మోల్డోవా 1989 ఆగస్టు 31న భాషా చట్టం చేసి, రష్యన్ రాసే సిరిలిక్ లిపి నుంచి లాటిన్ లిపికి మారింది. ఆ తర్వాత రొమేనియన్ బడుల్లో చదివిన తరానికి ఇప్పుడు ముప్ఫై దాటింది. బజారులో, పనిచోట మాట్లాడేంత రష్యన్ వచ్చినంత మాత్రాన నెట్‌వర్క్ సెట్టింగ్‌ల గురించి రాసిన సాంకేతిక రష్యన్ అర్థమవుతుందనుకోవడం సరికాదు. ప్రమాదాన్ని గురించి చెప్పే వాక్యం సగం అర్థమైతే సరిపోదు. పైగా రష్యాలో 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉన్న చట్టం, బ్లాక్ చేసిన వనరుల లింకులను ఫలితాల్లోంచి తీసేయమని సెర్చ్ సంస్థలను శాసిస్తోంది. అక్కడ రష్యన్ సమాచారాన్ని మొదటి లక్ష్యంగా పెట్టుకునే వడపోత సాగుతుంది. దాన్నే ఆధారంగా చేసుకోమని రొమేనియన్ మాట్లాడేవారికి చెప్పడం వారిని మరింత ఇరుకులో పెట్టడమే. ఇంగ్లీషు సంగతీ అంతే. రొమేనియా నగరాల్లోని ఐటీ ఉద్యోగులకు వచ్చే ఇంగ్లీషును కొలబద్దగా పెట్టుకుని పల్లె నుంచి వలస వెళ్లిన యాభై ఏళ్ల మనిషిని కొలవకూడదు.

యంత్రానువాదం ఇప్పుడు బాగుంది, ఇక మనుషులెందుకు అన్నది రెండో జవాబు. బాగుందన్నది నిజమే, మేమూ మొదటి చిత్తుకు వాడుతుంటాం. అయితే యంత్రం సహాయ పేజీలో మెనూ పేరును ఒక మాటతో అనువదిస్తుంది, ప్రోగ్రామ్‌లో అదే మెనూ వేరే మాటతో ఉంటుంది. చదువుతున్నవారు ఆ పేరు కోసం వెతికి వెతికి ఆగిపోతారు. దీనికంటే ముఖ్యమైనది ఇంకోటుంది. ఆంక్షలను దాటే పేజీని అనువదించమని ఒక ఆన్‌లైన్ సేవకు ఇవ్వడమంటే, తాను ఏం చదువుతున్నాడో మూడో మనిషికి చెప్పడమే. ఆ సేవ కూడా అప్పటికి తెరుచుకుంటూ ఉండాలి. ఎవరికీ తెలియకుండా చదవవలసిన పేజీని చదవడానికి పదిమందికి తెలిసే దారిని సూచించడం ఏ రకంగానూ సమాధానం కాదు.

కనుక మా కోరికలు ఇవి.

1. సహాయ పాఠంలో హెచ్చరిక వాక్యాలను ఇంగ్లీషు రాసే దశలోనే విడిగా గుర్తు పెట్టండి. ఒక భాషలో ఆ గుర్తున్న వాక్యాలన్నీ అనువాదమై, మరొకరు సరిచూసే వరకు, ఆ పేజీలోని మెట్ల అనువాదాన్ని విడుదల చేయవద్దు. శాతం 95 ఉన్నా సరే. చట్టాలకు సంబంధించిన వాక్యం మారినప్పుడు పాత అనువాదం ఉన్న పేజీ పైన, "ఈ భాగం పాతబడింది" అని ఆ భాషలోనే కనబడాలి. ఆ ఒక్క వాక్యాన్ని మేం ఇప్పుడే అనువదించి ఇస్తాం.

2. విడుదలకు కనీసం రెండు వారాల ముందు వాక్యాలను మార్చడం ఆపండి, ఆపిన రోజున అనువాదకులకు తెలియజేయండి. హెల్ప్ పేజీల్లోని మెనూ, బటన్ పేర్లు ప్రోగ్రామ్ అనువాదం నుంచే నేరుగా వచ్చేలా ఏర్పాటు చేయండి.

3. సూచనలన్నీ ప్రోగ్రామ్‌తో పాటే, నెట్ లేకుండా చదివేలా ఇవ్వండి. బొమ్మలు లేని చిన్న పాఠం రూపంలో కూడా ఉంచితే ఈమెయిలులోనూ మెమరీ కార్డులోనూ చేతులు మారుతుంది.

4. అనువాద ఫైళ్లలో వ్యక్తుల పేర్లు, ఈమెయిళ్లు వారి అనుమతి లేకుండా ఉంచవద్దు. ఇప్పటికే ఉన్నవాటిని తీసివేయమని అడిగినవారివి పాత వెర్షన్ల చరిత్రలోంచి కూడా తొలగించండి. ఇది సాంకేతికంగా కష్టమైన పని అని మాకు తెలుసు, అయినా అడుగుతున్నాం.

5. భాషా సంకేతం, అక్షరాల వెతుకులాట, బహువచన రూపాల గురించి పైన రాసినవాటిని సరిదిద్దండి. వీటికి కావలసిన మార్పులను రాసి ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను, చూసి స్వీకరించేవారు మీ వైపు ఒకరు కావాలి.

6. నిధులిచ్చే సంస్థలకు ఒక మాట. సాఫ్ట్‌వేర్ తయారీకి ఇచ్చే ప్రతి గ్రాంటులోనూ సహాయ సూచనల అనువాదానికీ, దాన్ని సరిచూసేవారికీ విడిగా కొంత మొత్తం కేటాయించండి. రొమేనియన్ విషయంలో సరిచూసేవారిలో కనీసం ఒకరు మోల్డోవాలో పెరిగినవారు ఉండాలి. అనువాదం స్వచ్ఛందంగా చేయడానికి మాకు అభ్యంతరం లేదు. కానీ ఒక హెచ్చరిక సరిగ్గా ఉందని సంతకం పెట్టే బాధ్యతను తీరిక వేళల మీద వదిలేయకూడదు.

ఈ కోరికలపై ఎవరి సంస్థ ఏం చేయగలదో, ఏం చేయలేదో మీ తర్వాతి వెర్షన్ విడుదలకు ముందే లిఖితపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాం. చేయలేనివాటికి కారణం చెప్పినా మేం అర్థం చేసుకుంటాం. ఈలోగా అనువాదం ఆపం. అయితే హెచ్చరికలు పూర్తికాని ఏ రొమేనియన్ సహాయ పేజీనీ ఈ రోజు నుంచి మేం "సరిచూసినది" అని గుర్తు పెట్టం. ఇప్పటికే అలా గుర్తు పెట్టినవాటిలో హెచ్చరికలు లోపించిన పేజీలకు ఆ గుర్తు తీసేస్తున్నాం. ఆ పేజీల జాబితాను ఏ సంస్థది ఆ సంస్థకు విడిగా పంపుతున్నాం.

గౌరవంతో,
రొమేనియన్ అనువాద స్వచ్ఛంద సేవకుల తరఫున,
క్లూజ్ నుంచి ఒక తెలుగు సభ్యుడు